పొర్లుకట్ట మీద ఇల్లా, టిడ్కో ఫ్లాటా: ఏది మేలు?

"ఫ్లాటు వచ్చింది, పొర్లుకట్ట ఇల్లు వదిలేసి పోవచ్చా?" ఈ మధ్య మా బంధువుల్లోనే నలుగురు నన్ను ఇదే అడిగారు. ఉదయగిరి వైపు బోర్లు ఎండిపోతే నెల్లూరు చేరిన కుటుంబం మాది. పెన్నా ఒడ్డున, ఏటి వరద ఆపే పొర్లుకట్ట మీద పోరంబోకులో పద్దెనిమిదేళ్లు ఉండి, అల్లీపురంలో ప్రభుత్వం పేదలకు కట్టించిన టిడ్కో ఇళ్లకు మారాం.

కట్ట మీద ఇంట్లో గడపే అంగడి. అమ్మ తెల్లారుజామున నాలుగున్నరకే పొయ్యి వెలిగించి కారం దోసెలు పోసేది. మేస్త్రీలు, ఆటోవాళ్లు అక్కడే నిలబడి తినిపోయేవాళ్లు. ఇప్పుడు మాది మూడో అంతస్తు. దోసె కోసం అన్ని మెట్లు ఎవరెక్కుతారు? అమ్మ పిండి గిన్నెలు ఆటోలో పెట్టుకుని ఊళ్లోకి పోతోంది. రానూపోనూ అరవై రూపాయలు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుని దిగుతాడు.

అయినా నేను ఫ్లాటు వైపే. ఎందుకంటే నవంబరు వానలు. ఎగువన పెన్నా మీదున్న సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిస్తే మాకు నిద్ర ఉండేది కాదు. రేషన్ కార్డు, ఆధార్లు, చెల్లి పదో తరగతి మార్కుల లిస్టు పాలిథిన్ కవర్లో చుట్టి, అమ్మ తలుపు పక్కన మేకుకు తగిలించేది. పరిగెత్తేటప్పుడు చేతికి అందాలని. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు భగత్‌సింగ్ కాలనీ మునిగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. కవరు దక్కింది. గ్రైండరు, బియ్యం, చెల్లి పుస్తకాలు పోయాయి. ఏడాది పొడవునా దోసెలు పోసి వెనకేసింది ఆ ఒక్క రాత్రిలో పోయింది. ఆటో ఖర్చు లెక్కపెట్టేవాళ్లు ఆ రాత్రిని కూడా లెక్కలో వేసుకోవాలి. ఇప్పుడా కవరు బీరువాలో చీరల అడుగున ఉంది.

టిడ్కోలో 300 చదరపు అడుగుల ఇల్లయితే ఆలోచించకుండా వెళ్లండి. 365, 430 అయితే బ్యాంకు లోను ఉంటుంది, నెలనెలా కంతు కట్టగలరో లేదో ముందే చూసుకోండి. లాటరీలో ఇచ్చే ఇళ్లు కాబట్టి ఏ అంతస్తు వస్తుందో మన చేతిలో లేదు.

అద్దె ఇల్లంటారా, కట్టిన డబ్బు తిరిగిరాదు. ప్రభుత్వం ఇచ్చిన సెంటు స్థలం ఉన్నవాళ్లు ఇల్లు కట్టుకునే డబ్బు చేతిలో ఉంటేనే దాని గురించి ఆలోచించాలి.

ఇంకొక్క మాట. ఇల్లు ఖాళీ చేసేముందే పాత వీధిలో బండి పెట్టుకోవడానికి జాగా మాట్లాడుకోండి. మేం ఆ పని చేయలేదు. అమ్మ గిరాకీ సగం అక్కడే పోయింది.