కొత్తవాడ జంపఖానానా, ఇంపోర్టెడ్ కార్పెటా?

హాల్లోకి ఏది కొనాలని మొన్న మా ఇంట్లో పెద్ద పంచాయితీ. నేను రెండూ వాడాను కాబట్టి చెప్తున్నా.

విదేశాల నుంచి వచ్చే పాలిస్టర్ కార్పెట్ చూడ్డానికి బాగుంటుంది, మెత్తగా ఉంటుంది, మిషన్ మీద తయారవుతుంది కాబట్టి చాలాసార్లు ధర కూడా తక్కువే. కానీ నేను కొన్నది రెండు ఉతుకులకే అంచులు ఊడింది, ఎండాకాలం దాని మీద కూర్చుంటే ఒళ్లంతా చెమట.

వరంగల్ కొత్తవాడ జంపఖానా అట్లా కాదు. నూలుది, మగ్గం మీద చేత్తో నేసింది, చాలా రకాలు రెండు వైపులా పరుచుకోవచ్చు, చుట్టచుట్టి అటక మీద పడేస్తే పెళ్లిళ్లకు, చుట్టాలొస్తే మళ్లీ దింపుకోవచ్చు. 2018లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. రంగు మాత్రం మొదటిసారి విడిగా ఉతికి చూసుకోండి, మాది కొంచెం దిగింది.

ధరలో తేడా ఎందుకంటారా? అక్కడ వేలాది చదరపు మీటర్లు ఒకేసారి మిషన్ మీద, ఇక్కడ ఒక్కో పోగు చేత్తో. పైగా నూలు ధర పెరిగితే ముందు నలిగేది నేత కార్మికుడి కూలీయే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి గుట్టలు పోస్తారు, అట్లాంటి ఊళ్లో ఉండి బయటి పాలిస్టర్ పరుచుకోవడం నాకైతే నవ్వొస్తుంది.

అద్దె ఇల్లు, ఏడాదికోసారి మారుస్తారా, కార్పెట్ చాలు. మేం జంపఖానాయే తెచ్చాం.