నా ఫ్లూట్ సంచిలో చిన్న డబ్బా: వాసన లేని పెట్రోలియం జెల్లీ, ఏడాది వాడాక

ఇరవై రెండేళ్లుగా ఫ్లూట్ వాయిస్తున్నాను. మా పనికి వేళ్లెంత ముఖ్యమో పెదాలూ అంతే. కింది పెదవి మధ్యలో సన్నటి పగులు వచ్చినా చాలు, ఊదే గాలి అక్కడ చీలిపోతుంది. స్వరంతో పాటు బుస్సుమనే చప్పుడు వస్తుంది, పై స్థాయి అసలు పలకదు. అందుకని పెదాలకు ఏం రాసుకుంటానో నాకు చాలా పట్టింపు.

నిరుడు నా పెదాలు ఎన్నడూ లేనంతగా పాడయ్యాయి. అప్పట్లో పుదీనా వాసన ఉన్న లిప్ బామ్ వాడేదాన్ని. రాయగానే చల్లగా, చురుక్కుమని ఉండేది. ఆ చురుకు చూసి మందు పనిచేస్తోందని నమ్మాను. గంట తిరక్కుండానే పెదాలు బిగుసుకుపోయేవి, మళ్లీ రాసేదాన్ని. రోజుకు పదిహేనుసార్లు రాసిన రోజులున్నాయి. అది చాలదన్నట్టు, పెదాలు నిండుగా కనబడతాయని స్నేహితురాలు చెబితే ప్లంపర్ అనే, పెదాలను ఉబ్బించే లిప్ గ్లాస్ కూడా తెచ్చుకున్నాను. రాసిన రెండు నిమిషాలకే మంట, కాస్త ఉబ్బు. సాయంత్రానికి ఉబ్బు దిగిపోయింది. మర్నాడు పెదాల అంచు చుట్టూ ఎర్రగా కంది, పొట్టు లేచింది.

చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్తే రెండు డబ్బాలూ తిప్పి చదివారు. మెంథాల్, కర్పూరం, దాల్చినచెక్క నూనె, పరిమళం. అన్నీ ఆపేయమన్నారు. రంగూ రుచీ వాసనా లేని తెల్ల పెట్రోలియం జెల్లీ ఒక్కటే రాయమన్నారు. ఇంత మామూలు వస్తువు చెబుతారని నేను అనుకోలేదు.

ఆవిడ చెప్పిన కారణం మాత్రం నా మనసులో నిలిచిపోయింది. మిగతా చర్మంలో ఉండే నూనె గ్రంథులు పెదాల మీద దాదాపు ఉండవు, చెమట గ్రంథులూ ఉండవు. పై పొర ఎంత పలచనంటే లోపలి రక్తం రంగు బయటికి కనిపిస్తుంది, పెదాల ఎరుపు అదే. తనకు తానుగా జిడ్డు పట్టని చర్మం కాబట్టి లోపలి నీరు తొందరగా ఆవిరైపోతుంది. ఆరాయని నాలుకతో తడిపితే ఇంకా నష్టం. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తేమను కూడా తీసుకుపోతుంది. తిన్నదాన్ని అరిగించే ఎంజైములు అందులో ఉంటాయి, అవి పలచని చర్మాన్ని రేపుతాయి. ఫ్లూట్ వాయించేటప్పుడు పెదాలు తడుపుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మానడానికి నెల పట్టింది.

ఇప్పుడు జెల్లీ సంగతి. మొదటి వారం నేను తప్పుగా వాడాను. ఎండిపోయిన పెదాల మీద మందంగా పూసి, ఏమీ మారలేదేమని దిగులుపడ్డాను. ఈ జెల్లీ నీళ్లు ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వదు. మూత లాంటిదన్నమాట. లోపల తడి లేకుండా మూత పెడితే ఏం లాభం? అప్పటి నుంచీ పడుకునే ముందు పెదాలు నీళ్లతో తడిపి, తుడిచీ తుడవనట్టు అద్ది, ఆ చెమ్మ మీదే పలచగా రాస్తున్నాను. మూడో రోజుకి బిగుతు తగ్గింది. పదో రోజుకి మధ్యలో పగులు మూసుకుంది. పొట్టు గిల్లడం, పంచదారతో రుద్దడం పూర్తిగా మానేశాను. స్నానం అయ్యాక మెత్తని తడి గుడ్డతో ఒకసారి ఒత్తితే ఊడేది ఊడుతుంది, మిగతాది ఉండనిస్తాను.

ఈ వస్తువు పుట్టుక కూడా నాకు నచ్చింది. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ చమురు బావుల దగ్గర పంపు కడ్డీలకు మైనం లాంటి జిడ్డు పేరుకునేది. పనివాళ్లు దాన్ని కోతలకూ కాలిన గాయాలకూ పూసుకునేవారు. రాబర్ట్ చీజ్‌బ్రో అనే రసాయన శాస్త్రవేత్త అది గమనించి, శుద్ధి చేసి, 1872లో వ్యాసలీన్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు ఏ కంపెనీ డబ్బానైనా మనం ఆ పేరుతోనే పిలుస్తాం.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. నాకు పెద్ద ఇబ్బంది జారుడు. పెదాల మీద జెల్లీ ఉంటే ఫ్లూట్ పట్టు నిలవదు. సాధనకు ఇరవై నిమిషాల ముందే శుభ్రంగా తుడిచేస్తాను, అయిపోగానే మళ్లీ తడిపి రాస్తాను. లిప్‌స్టిక్ వేసేవాళ్లకూ ఇదే బాధ, రంగు నిలవదు. గాలికి వెంట్రుకలు వచ్చి అతుక్కుంటాయి. డబ్బాలో మాటిమాటికీ వేలు పెట్టడం కూడా మంచిది కాదు.

అంతకన్నా ముఖ్యమైన లోటు, దీనికి ఎండను ఆపే గుణం లేదు. కింది పెదవి ఎండకు ఎదురుగా ఉంటుంది, పైగా చర్మాన్ని ఎండ నుంచి కాపాడే మెలనిన్ అనే రంగు పదార్థం పెదాల్లో తక్కువ. అందుకని పగలు బయటికి వెళ్తే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ కొలత) 30 ఉన్న, వాసన లేని లిప్ బామ్ స్టిక్ వాడుతున్నాను. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. జెల్లీ ఇంట్లోకి, రాత్రికి.

పెదాలు నిండుగా అవుతాయా అని నా విద్యార్థినులు అడుగుతుంటారు. ఉన్నదున్నట్టు చెబుతాను. పెదాల సైజు పెరగదు. తేమ నిలిస్తే నిలువు గీతలు పూడతాయి, పెదవి ఉబ్బెత్తుగా, నునుపుగా కనిపిస్తుంది. నాకు ఆ తేడా అద్దంలో బాగా తెలిసింది. వయసుతో, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ తగ్గి పెదాలు పలచబడటాన్ని ఏ బామూ ఆపలేదు. ప్లంపర్లలో మిరప ఘాటు, దాల్చిన నూనె లాంటివి పెట్టి చర్మాన్ని రేపుతారు, ఆ వాపునే మనం నిండుదనం అనుకుంటాం. నీటిని పట్టి ఉంచే హైలురోనిక్ ఆసిడ్ సీరమ్ కూడా వాడి చూశాను. ఒక్కటే రాస్తే పొడి గాలిలో మళ్లీ బిగుసుకుంది, దాని మీద జెల్లీ రాస్తే బాగుంది.

అన్నిటికీ ఇదే మందని మాత్రం అనుకోకండి. నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయికి నోటి మూలలు పగిలాయి. నా మాట విని మూడు వారాలు జెల్లీ రాసింది, తగ్గలేదు. డాక్టరు చూసి ఫంగస్ అని చెప్పి వేరే క్రీమ్ ఇచ్చారు, వారంలో మానింది. ముందే వెళ్లమని చెప్పనందుకు నాకు చాలా బాధేసింది. మూలల పగుళ్లు, కింది పెదవి మీద వారాల తరబడి మానని గరుకు మచ్చ ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్లకు పెదాలు ఎండడం చాలా మామూలు. వాళ్లకు ఈ జెల్లీ బాగా పనికొస్తుంది.

పోయిన నెల రెండు గంటల కచేరీ చేశాను. మధ్యలో ఒక్కసారి కూడా నాలుక పెదాల మీదికి పోలేదు, చివరి రాగంలో తార షడ్జమం తేటగా పలికింది. డబ్బా అడుగు కనిపిస్తోంది. రెండోది తెచ్చుకున్నాను, ఈసారి ట్యూబు.