టైమింగ్ బెల్ట్ మార్పించుకునేవారికి హెచ్చరిక: పాత టెన్షనర్‌ను కళ్లతో చూడకుండా బిల్లు చెల్లించకండి

కారు ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ మార్పించుకోబోతున్నవారు, వాల్వుల గ్యాప్ (వాల్వుకూ, దానిని నొక్కి తెరిచే భాగానికీ మధ్య ఉంచే సన్నని ఖాళీ) సరిచేయించుకోబోతున్నవారు, పనికి కారు అప్పగించే ముందే ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. నాలుగు నెలల క్రితం నేను చేయించిన బెల్ట్ పని కారణంగా నా కారు ఇంజన్ హెడ్ (వాల్వులుండే పైభాగం) దించవలసి వచ్చింది, పదహారు వాల్వులలో తొమ్మిది వంగిపోయాయి. ఆ గ్యారేజీ పేరు రాయడం లేదు. అక్కడ జరిగినది ఏ గ్యారేజీలోనైనా జరగగలిగినదే కనుక, ఎక్కడ మోసపోయానన్న దానికంటే ఎలా మోసపోయానన్నదే మీకు ఎక్కువ పనికివస్తుంది.

కారు 90,000 కిలోమీటర్లకు చేరువైనప్పుడు, యజమాని పుస్తకంలో ఉన్న గడువును చూసుకుని నేనే గ్యారేజీకి వెళ్లాను. ఈ గడువు ప్రతి ఇంజన్‌కూ వేరుగా ఉంటుంది. కిలోమీటర్లు నిండకపోయినా ఏళ్లు నిండితే మార్చవలసిందే, ఎందుకంటే కదలకుండా నిలిచి ఉన్న కారులోనూ రబ్బరు ముదిరిపోతుంది. బెల్ట్‌తో పాటు దానిని బిగువుగా ఉంచే టెన్షనర్, దానికి దారి చూపే ఐడ్లర్ పుల్లీ, అదే బెల్ట్ మీద తిరిగే వాటర్ పంపు కూడా మారుస్తామని, అన్నీ కలిసిన కిట్ తెప్పిస్తామని చెప్పి, దానికి తగిన మొత్తమే తీసుకున్నారు. సాయంత్రం కారు ఇచ్చేటప్పుడు ఖాళీ బెల్ట్ పెట్టె ఒకటి చూపించారు. విప్పిన పాత సామాను ఏదని నేను అడగలేదు. బిల్లులో ‘టైమింగ్ బెల్ట్ కిట్, లేబర్’ అన్న ఒక్క వరుస తప్ప విడిభాగాల నంబర్లేవీ లేకపోయినా పట్టించుకోలేదు. ఈ రెండు పొరపాట్లూ నావే.

టెన్షనర్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే బెల్ట్ చేసే పని కొంత తెలియాలి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగే సమయంలో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్కను నిలబెట్టేది బెల్ట్ మీది పళ్లు. చాలా ఇంజన్లలో పైకి వచ్చిన పిస్టన్‌కూ, పూర్తిగా తెరుచుకున్న వాల్వుకూ సిలిండర్‌లో ఉన్నది ఒకే చోటు. ఒకటి తప్పుకున్నాకనే రెండవది అక్కడికి వస్తుంది. బెల్ట్ తెగినా, పళ్లు ఊడినా క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకుని ఉండిపోయిన వాల్వులను పిస్టన్ వచ్చి గుద్దుతుంది. బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌లో ఒక చిన్న బేరింగ్ ఉంటుంది, అది కూడా బెల్ట్ తిరిగినంత కాలమూ తిరిగి అరిగినదే. ఆ బేరింగ్ పట్టేస్తే, నిన్న వేసిన కొత్త బెల్ట్ అయినా కదలని పుల్లీ మీద రాసుకుని, వేడెక్కి పాడైపోతుంది. కిట్ అంతా ఒకేసారి మార్చమని చెప్పేది అందుకే. పైగా శ్రమంతా కవర్లు విప్పి అక్కడికి చేరడంలోనే ఉంది కాబట్టి, అంతవరకు వెళ్లి పాత టెన్షనర్‌ను వదిలివేయడం వల్ల మిగిలేది ఆ భాగం ధర మాత్రమే.

కారు తెచ్చుకున్న రెండవ రోజునుంచే ఇంజన్ ఐడిలింగ్‌లో సన్నగా వణకడం, పికప్ తగ్గడం గమనించాను. చెక్ ఇంజన్ లైట్ కూడా వెలిగింది. తిరిగి తీసుకువెళ్తే స్కానర్ పెట్టి చూశారు. తెర మీద పీ0016 అన్న కోడ్ కనిపించింది. క్రాంక్ స్థానానికీ క్యామ్ స్థానానికీ పొంతన కుదరడం లేదని ఆ కోడ్‌కు అర్థం. సెన్సార్ల లోపం వంటి ఇతర కారణాలవల్ల కూడా అది రావచ్చు, కాని రెండు రోజుల క్రితమే బెల్ట్ మార్చిన ఇంజన్‌లో వస్తే ముందుగా అనుమానించవలసింది బెల్ట్ ఒక పన్ను అటో ఇటో పడిందేమోనని. గ్యారేజీవారు పై కవరు విప్పి, క్రాంక్, క్యామ్ సరిగ్గా కలిశాయో లేదో తెలిపే గుర్తులు చూడలేదు. కోడ్ చెరిపివేసి, ‘ట్యాపెట్ (వాల్వును నొక్కే భాగం) శబ్దం వస్తోంది, వాల్వ్ సెట్టింగ్ చేస్తే వణుకు పోతుంది’ అన్నారు. దానికి మళ్లీ డబ్బు చెల్లించాను.

ఆ సెట్టింగ్ జరిగిన తీరును దగ్గర నిలబడి చూశాను, చూసి కూడా అప్పటికి అర్థం చేసుకోలేకపోయాను. చాలా ఇంజన్లకు తయారీదారు ఇచ్చే గ్యాప్ కొలతలు చల్లని ఇంజన్‌కు సంబంధించినవి. రాత్రంతా చల్లారనిచ్చి ఉదయాన్నే చూడవలసిన పనిని, నేను నడిపి తెచ్చిన వేడి ఇంజన్ మీద గంటలో ముగించారు. గ్యాప్ కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్ బయటికి తీయనేలేదు, శబ్దం ఆగేవరకు స్క్రూ బిగించి నట్టు పట్టించారు. టిక్కుటిక్కుమన్న చప్పుడు పోయినందుకు నేను సంతోషించాను కూడా. వదులుగా ఉన్న వాల్వు చప్పుడు చేసి తన సంగతి చెబుతుంది, బిగుసుకుపోయిన వాల్వు చప్పుడు చేయదు. గ్యాప్ లేని వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఆ సందులోంచి మంటల వేడి వాయువులు దూసుకుపోతాయి, సీటును తాకి వేడి వదిలించుకునే వీలు లేక ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. రెండు వారాలలో ఇంజన్ వేడెక్కిన తరువాత మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) మొదలైంది. మొదటి తప్పును వెతకకుండా దాని మీద చేసిన రెండవ తప్పు అది.

మూడు వేల కిలోమీటర్లు తిరగకముందే ఒకనాడు కారు నడుస్తూ నడుస్తూనే ఆగిపోయింది. స్టార్టర్ తిప్పితే ఇంజన్ ఎన్నడూ లేనంత తేలికగా, లోపల అడ్డేమీ లేనట్లు గిరగిరా తిరిగింది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పోయిందనడానికి అది స్పష్టమైన సూచన. తెలియక మరో మూడుసార్లు తాళం తిప్పాను. మీకు ఎప్పుడైనా ఆ శబ్దం వినిపిస్తే రెండవసారి ప్రయత్నించకుండా కారును లాగించి తీసుకువెళ్లండి. అలా తిప్పిన ప్రతిసారీ అప్పటివరకు నిటారుగా మిగిలిన వాల్వులు కూడా వంగే అవకాశం ఉంది.

వేరొక గ్యారేజీలో కవరు తెరిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బెల్ట్ కొత్తదే, కాని ఒకవైపు అంచు చీలి, క్రాంక్ దగ్గర వరుసగా కొన్ని పళ్లు ఊడి ఉన్నాయి. టెన్షనర్ తుప్పు మరకలతో ఉంది, చేత్తో తిప్పితే కదలలేదు. వాటర్ పంపు చుట్టూ కూలెంట్ కారి ఎండిన చారలు ఉన్నాయి. అవి రెండూ కారుతో వచ్చిన మొదటి భాగాలే. హెడ్ దించితే పిస్టన్ల మీద నెలవంక ఆకారంలో గాట్లు కనిపించాయి. వంగని వాల్వుల గ్యాప్ కూడా కొలిపించాను: ఎగ్జాస్ట్ వైపు 0.30 మిల్లీమీటర్లు ఉండవలసిన చోట రెండింటికి 0.10 మాత్రమే ఉంది. బెల్ట్ మొదట్లోనే పన్ను తప్పిందనడానికి ఇప్పుడు నా దగ్గర నిరూపణ లేదు, పళ్లే ఊడిపోయాయి కదా. స్కానర్ తెరకు ఆనాడు తీసుకున్న ఫోటో ఒక్కటే మిగిలింది. మొదటి గ్యారేజీవారు మాత్రం బెల్ట్ తయారీలోనే లోపం ఉందన్నారు, నేను బండిని అతిగా తోలానన్నారు. బిల్లులో టెన్షనర్ అన్న మాట లేదు కనుక, దానిని మారుస్తామని చెప్పనేలేదన్నారు.

అందువల్ల మీరు పని ఒప్పుకునేటప్పుడే బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, పంపు, ఆయిల్ సీళ్లు ఒక్కొక్కటీ విడిగా, పార్ట్ నంబరుతో బిల్లులో రాయాలని షరతు పెట్టండి. పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలని పని మొదలుకాకముందే చెప్పండి. తరువాత అడిగితే పారవేశామన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కవరు మూసే ముందు క్రాంక్, క్యామ్ గుర్తులు కలిసిన ఫోటో తీసి ఇమ్మనండి. పని తెలిసిన మెకానిక్ బెల్ట్ ఎక్కించాక స్టార్టర్ జోలికి పోకుండా, క్రాంక్ బోల్టుకు పానా వేసి ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూస్తాడు. తిరిగేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగి కారణం వెతుకుతాడు, బలవంతంగా తిప్పడు. ఆ ఐదు నిమిషాల పనిని అనవసరమని కొట్టిపారేసేవారి చేతికి నేనైతే ఇక కారు ఇవ్వను.

వాల్వ్ సెట్టింగ్ చేయించేవారు ప్రతి వాల్వుకూ ముందు ఉన్న కొలత, సరిచేసిన తరువాతి కొలత కాగితం మీద రాయించుకోండి. అసలు మీ ఇంజన్‌కు ఆ పని అవసరమో లేదో ముందుగా పుస్తకంలో చూసుకోండి. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్లలో గ్యాప్‌ను ఆయిల్ ఒత్తిడే సర్దుకుంటుంది, వాటికి మామూలు సర్వీసులో చేత్తో చేసే సెట్టింగ్ ఉండదు. అలాంటి కారుకు ‘ట్యాపెట్ సెట్టింగ్’ అని బిల్లు రాస్తే దేనికి రాశారో నిలదీయవచ్చు.

పాత కారు కొనేవారికి మరొక మాట. ‘బెల్ట్ ఈమధ్యనే మార్చాం’ అని అమ్మేవారు చెబితే ఏ బెల్ట్ అని అడగండి. ఆల్టర్నేటర్‌నూ, ఏసీ కంప్రెసర్‌నూ తిప్పే బెల్ట్ బయటికే కనిపిస్తుంది, దానిని మార్చి కూడా ఆ మాట అనవచ్చు. టైమింగ్ బెల్ట్ కవరు వెనుక ఉంటుంది. కిలోమీటర్ల రీడింగ్‌తో, పార్ట్ నంబర్లతో బిల్లు చూపించలేకపోతే అది మార్చలేదనే లెక్కవేసి, కొత్త కిట్ ఖర్చును బేరంలో తగ్గించుకోండి. ఇప్పటికే ఎక్కడో పని చేయించి, నాలాగే ఐడిలింగ్‌లో వణుకు గమనిస్తున్నవారు ఉంటే, కారు నడపడం ఆపి వేరొకరి చేత పై కవరు విప్పించి చూడండి. చాలా కార్లలో దానికి విప్పవలసినవి నాలుగైదు బోల్టులే.