ఇంగ్లండ్‌లో ఫోస్టరింగ్: కౌన్సిల్ ద్వారా మేలా, క్రైస్తవ ఏజెన్సీ ద్వారా మేలా?

కన్నవాళ్ల దగ్గర క్షేమంగా ఉండలేని పిల్లల్ని మన ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలన్న భారం ఉన్న తెలుగు విశ్వాసులు ముందు అడిగేది ఇదే. నా మాట సూటిగా చెప్తాను. టీనేజ్ పిల్లల్ని, లేదా అన్నాచెల్లెళ్లను విడదీయకుండా కలిపి తీసుకునే ధైర్యం ఉంటే క్రైస్తవ ఏజెన్సీకి (కౌన్సిల్ కాకుండా విడిగా ఫోస్టరింగ్ కుటుంబాలను చేర్చుకునే క్రైస్తవ సంస్థకి) వెళ్లండి. పసిపిల్లలు కావాలి, స్కూల్ మీ వీధికి దగ్గరలోనే ఉండాలి అనుకుంటే ముందు కౌన్సిల్‌కే, అంటే మీ ఊరి స్థానిక ప్రభుత్వానికే, ఫోన్ చేయండి.

ఎందుకంటే ఎవరి ద్వారా వెళ్లినా బిడ్డను మీకు అప్పగించేది కౌన్సిలే. అది ముందు తన సొంత కేరర్లలో (పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్లలో) వెతుక్కుని, దొరక్కపోతేనే బయటి ఏజెన్సీలను అడుగుతుంది. దాంతో అప్పటికే రెండు మూడు ఇళ్లు మారిన పిల్లలు, మాట్లాడటం మానేసిన పెద్దపిల్లలు ఏజెన్సీ కుటుంబాలకు ఎక్కువగా వస్తారు. ఇది తెలియకుండా "మన సంఘం వాళ్లు కదా, తేలిగ్గా ఉంటుంది" అనుకుని దిగితే మూడు నెలల్లో అలసిపోతారు.

మీరు తగినవాళ్లా కాదా అని చూసే పరీక్షలో పెద్ద తేడా లేదు. పిల్లకి వేరే గది, మెడికల్, డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ), ఇండియాలో ఉన్న కాలానికి పోలీస్ సర్టిఫికెట్, మీ పెళ్లి గురించి, పెంపకం గురించి నెలల తరబడి ప్రశ్నలు, మీ సొంత పిల్లలతో విడిగా మాటలు, చివరికి మిమ్మల్ని తీసుకోవచ్చో లేదో సిఫారసు చేసే ప్యానెల్. డబ్బు ఏజెన్సీలో సాధారణంగా కాస్త ఎక్కువ. పన్ను లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే: 2023-24లో ఏడాదికి ఇంటికి 18,140 పౌండ్లు, ఆపైన పదకొండేళ్ల లోపు పిల్లకి వారానికి 375, ఆ పైవాళ్లకి 450 వరకు పన్ను లేదు, తర్వాత ఏటా పెంచుతున్నారు.

అసలు సంగతి విశ్వాసం దగ్గరే ఉంది. 1989 చిల్డ్రన్ యాక్ట్ ప్రకారం, కేర్ ఆర్డర్‌లో (బిడ్డ బాధ్యతను కోర్టు కౌన్సిల్‌కు అప్పగించే ఉత్తర్వు కింద) ఉన్న బిడ్డను ఆ ఆర్డర్ లేకపోతే ఏ మతంలో పెరిగేదో దానికి వేరైన మతంలో కౌన్సిల్ పెంచకూడదు. అంటే ఏజెన్సీ పేరులో క్రీస్తు ఉన్నా, ముస్లిం ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు హలాల్ భోజనం పెట్టాలి, రంజాన్ గుర్తుపెట్టుకోవాలి, బాప్తిస్మం ఊసే ఎత్తకూడదు. ఇది పరిచర్య కాదనుకుంటే రెండు దారులూ మీకు కావు. ఇంకోటి, ఈశాన్య ఇంగ్లండ్‌లోని కార్నర్‌స్టోన్ అనే క్రైస్తవ ఏజెన్సీ కేసులో 2020లో హైకోర్టు, 2021లో అప్పీలు కోర్టు స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్లను కేరర్లుగా తీసుకోకపోవడం చట్టవిరుద్ధమన్నాయి, కాబట్టి ఏజెన్సీ నియమాలు ఏమిటో ముందే చదవండి.

మరి క్రైస్తవ ఏజెన్సీకి ఎందుకు వెళ్లాలి? మొదటి రాత్రి గురించి ఆలోచించండి. బిడ్డ తొమ్మిదింటికి వస్తుంది, బట్టలు నల్లటి చెత్త సంచిలో ఉంటాయి, మీరు పెట్టిన పప్పన్నం ముట్టదు, పొద్దున దుప్పటి సర్దుతుంటే దిండు కింద బిస్కెట్లు కనిపిస్తాయి. ఆ వేళ ఫోన్ ఎత్తే సోషల్ వర్కర్, అదే బాధ పడ్డ ఇంకో కేరర్, మీ కోసం ప్రార్థించి శనివారం మీ పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లే సంఘం, ఇవి మంచి ఏజెన్సీలో నిజంగా దొరుకుతాయి. కొన్ని కౌన్సిళ్లలో కూడా బాగానే ఉంటుంది, కానీ పని ఒత్తిడి వల్ల వర్కర్లు తరచూ మారుతుంటారు.

అందుకే సంతకం పెట్టే ముందు రిక్రూట్‌మెంట్ వాళ్లతో ఆగిపోకండి, ఇప్పుడు పిల్లల్ని చూసుకుంటున్న ఇద్దరు కేరర్లతో మాట్లాడండి. ఒక్కో వర్కర్ చేతిలో ఎన్ని కుటుంబాలున్నాయి, అర్ధరాత్రి ఫోన్ ఎవరెత్తుతారు, మీరు విశ్రాంతి తీసుకునే వారాల్లో బిడ్డకు ఇంకో కేరర్ ఇల్లు చూపిస్తారా అని అడగండి. ఏజెన్సీలను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ రిపోర్ట్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. తర్వాత మనసు మారితే రాతపూర్వకంగా రాజీనామా ఇస్తే కేరర్‌గా మీ ఆమోదం 28 రోజుల్లో ముగుస్తుంది, కానీ అప్పటికి ఇంట్లో బిడ్డ ఉంటే కాగితం పంపే ముందే కౌన్సిల్‌తో మాట్లాడుకోవాలి, ఆ బిడ్డ మళ్లీ ఇల్లు మారకుండా.