పాత ఏసీని మాట వినేలా చేయాలా, వైఫై ఏసీ కొనాలా?

ఏసీ బాగా పనిచేస్తుంటే మాటతో నడపడం కోసమే కొత్తది కొనవద్దు; ఐఆర్ బ్లాస్టర్ అనే చిన్న పరికరం చాలు. రిమోట్ పంపే పరారుణ సంకేతాలనే అదీ పంపుతుంది. అమెజాన్ వాయిస్ అసిస్టెంట్ అలెక్సాతో కలిపాక 26 డిగ్రీలు పెట్టమంటే పెడుతుంది. బ్లాస్టర్‌ను ఏసీకి ఎదురుగా, అల్మరా, తెర అడ్డం లేనిచోట ఉంచాలి. అసలు లోపం వేరు: సంకేతం వెళ్లడమే తప్ప ఏసీ నుంచి జవాబు రాదు. ఇంట్లో ఎవరైనా రిమోట్‌తో ఆపేసినా, ఫోన్‌లోని బ్లాస్టర్ యాప్ మాత్రం ఏసీ నడుస్తోందనే చూపవచ్చు.

వైఫై ఏసీలో ఈ చిక్కు ఉండదు, దాని స్థితి యాప్‌కు అందుతుంది. మంచం దిగలేని పెద్దలున్న గదికి నేను దీన్నే ఎంచుకుంటాను. అక్కడ ఏసీ ఆగిందో లేదో కచ్చితంగా తెలియాలి. రెండింటికీ సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి.

ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్‌తో కరెంటు తీసి ఏసీని ఆపడం మాత్రం వద్దు, కంప్రెసర్‌కు మంచిది కాదు.