పాత్‌ఫైండర్‌లో సండర్: ఎవరి ఆయుధం విరగ్గొట్టాలి, ఎవరిది వదిలేయాలి

పాత్‌ఫైండర్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే ఫాంటసీ ఆట. ఎదుటివాడి చేతిలో ఉన్న ఆయుధాన్ని విరగ్గొట్టే రూల్‌కి దాని మొదటి ఎడిషన్ (2009)లో పేరు సండర్. బెంగళూరులో, మారతహళ్లి వైపు ఫ్లాట్లలో వారాంతాల్లో తెలుగులో నడిచే టేబుల్స్ మీద దీన్ని చాలాకాలంగా వాడుతున్నాం. రూల్ మంచిదే. కాకపోతే కత్తివీరుడి మీద వాడితే వచ్చేది తక్కువ, విలుకాడి మీద వాడితే ఒక్క దెబ్బతో పోరు మలుపు తిరుగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి వాడి, పనికిరాదని పక్కన పెట్టేస్తారు.

ముందు లెక్క చూద్దాం. డీ20కి (20 ముఖాల పాచిక) మీ సీఎంబీ (ఇలాంటి ఎత్తులకు మీ బలం) కలిపితే ఎదుటివాడి సీఎండీని (వాటిని తట్టుకునే అతని బలం) అందుకోవాలి. మీ ఆయుధం మ్యాజిక్ ప్లస్ (ప్లస్ 1, ప్లస్ 2 లాంటి బోనస్), వెపన్ ఫోకస్ (ఒక ఆయుధంలో గురి పెంచే ఫీట్, అంటే క్యారెక్టర్ నేర్చుకునే ప్రత్యేక నైపుణ్యం) కూడా ఈ రోల్‌కి కలుస్తాయి, కొత్తవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు. తగిలితే మామూలుగానే డ్యామేజ్ వేసి, అందులోంచి వస్తువు హార్డ్‌నెస్ (గట్టిదనం) తీసేసి, మిగిలినది దాని హెచ్‌పీలోంచి (ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ అంకె) కొట్టేయాలి. క్రిటికల్ (పాచిక బాగా పడితే డ్యామేజ్ పెరిగే దెబ్బ), స్నీక్ అటాక్ (ఏమరుపాటున కొట్టే అదనపు డ్యామేజ్) వస్తువుల మీద పనిచేయవు. నేచురల్ 20 (పాచిక మీదే 20) పడితే మ్యాన్యూవర్ (సండర్ లాంటి ఎత్తు) తప్పకుండా తగులుతుంది, అంతేగానీ డ్యామేజ్ రెట్టింపు కాదు.

ఇంప్రూవ్డ్ సండర్ ఫీట్ లేకుండా కత్తి లాంటి దగ్గరి పోరు ఆయుధం పట్టినవాడి మీద సండర్‌కి దిగొద్దు. అతనికి అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ (మధ్యలో ఉచితంగా కొట్టే ఎదురుదెబ్బ) వస్తుంది. ఆ దెబ్బ తగిలితే ఎంత డ్యామేజ్ పడిందో అంతా మీ రోల్‌కి పెనాల్టీ. 9 పడితే మైనస్ 9! అక్కడితో ఆశ వదులుకోవాల్సిందే. ఫీట్ ఉంటే ఆ బాధ లేదు, పైగా ప్లస్ 2. దానికి స్ట్రెంత్ (కండబలం) 13, పవర్ అటాక్ (గురి తగ్గించుకుని డ్యామేజ్ పెంచుకునే ఫీట్), బేస్ అటాక్ (పోరులో క్యారెక్టర్ మూల బోనస్) ప్లస్ 1 ఉండాలి.

స్ట్రెంత్ 18 ఉన్న ఫైటర్ గ్రేట్‌స్వోర్డ్‌తో (రెండు చేతుల పెద్ద కత్తి) వేసేది 2డీ6+6 (రెండు ఆరు ముఖాల పాచికలు, దానికి 6), సగటున 13. మామూలు లాంగ్‌స్వోర్డ్‌కి హార్డ్‌నెస్ 10, హెచ్‌పీ 5. పదమూడులో పది పోతే లోపలికి దిగేది 3. కత్తికి ఇంకా 2 మిగిలాయి, సగం కంటే తక్కువ కాబట్టి బ్రోకెన్ (దెబ్బతిన్నది, కానీ ఇంకా వాడొచ్చు). పవర్ అటాక్ కలిపితే సగటు 16, కత్తి పూర్తిగా పోతుంది. అదే విల్లుకి హార్డ్‌నెస్ 5, హెచ్‌పీ 5 మాత్రమే. పవర్ అటాక్ అక్కర్లేకుండానే 8 దిగి ముక్కలవుతుంది. ఇంకో సంగతి: విల్లు పట్టినవాడు చుట్టుపక్కల గళ్లను థ్రెటెన్ చేయడు, అంటే పక్కనున్నవాళ్లను ఎదురుదెబ్బ కొట్టలేడు. ముళ్ల గాంట్లెట్, ఇంప్రూవ్డ్ అనార్మ్‌డ్ స్ట్రైక్ లాంటివి లేకపోతే మీకు ఫీట్ లేకున్నా అతని నుంచి ఎదురుదెబ్బ రాదు. దారిలో ముందు వరుస నుంచి పడే దెబ్బలకు మాత్రం సిద్ధపడి వెళ్లాలి. మెటీరియల్ కాంపోనెంట్ల (మంత్రాలకు కావాల్సిన దినుసులు) సంచి మీద ఆధారపడ్డ విజర్డ్ (మాంత్రికుడు) చేతిలో ఆయుధం లేనప్పుడు కూడా ఇదే లెక్క.

మ్యాజిక్ ఆయుధాలు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ప్రతి ప్లస్ 1కి హార్డ్‌నెస్ 2, హెచ్‌పీ 10 పెరుగుతాయి. ప్లస్ 2 లాంగ్‌స్వోర్డ్ అంటే హార్డ్‌నెస్ 14, హెచ్‌పీ 25. పై ఫైటర్ సగటు దెబ్బ దానికి గీత కూడా పెట్టదు. అందుకే 3,000 బంగారు నాణేలు పెట్టి అడమాంటీన్ (ఆటలోని అతి గట్టి లోహం) ఆయుధం కొనాలి. అది 20 కంటే తక్కువ హార్డ్‌నెస్‌ని లెక్కచేయదు. "కంటే తక్కువ" అన్న మాట గుర్తుంచుకోండి: ప్లస్ 5 లాంగ్‌స్వోర్డ్ హార్డ్‌నెస్ సరిగ్గా 20, దాని ముందు అడమాంటీన్ ప్రత్యేకత పనిచేయదు. ఇక గోళ్లు, కోరలతో వచ్చే జంతువులు, డ్రాగన్లు నిండిన క్యాంపెయిన్ అయితే ఈ ఫీట్ల జోలికే పోవద్దు, విరగ్గొట్టడానికి వాటి చేతిలో ఏమీ ఉండదు.

మాకు బాగా నచ్చింది బ్రోకెన్ స్థితి. పాత్‌ఫైండర్‌కి మూలమైన 2003 నాటి డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్) 3.5లో ఈ మెట్టు లేదు. కత్తి ఉంటే ఉంది, పోతే పోయింది. గెలిచాక దక్కాల్సిన లూట్‌ని (దోపిడీ సొత్తు) మన చేత్తోనే విరగ్గొట్టడం కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే ఉండేది. పాత్‌ఫైండర్‌లో హెచ్‌పీ సున్నా కంటే దిగువకి పడినా దాన్ని 1 హెచ్‌పీతో బ్రోకెన్‌గా వదిలే అవకాశం కొట్టినవాడిదే. బ్రోకెన్ ఆయుధానికి అటాక్‌కీ డ్యామేజ్‌కీ మైనస్ 2, క్రిటికల్ 20కే, అదీ ×2. 18-20 క్రిటికల్ మీద కట్టిన సిమిటార్ క్యారెక్టర్‌కి ఇది చాలా గట్టి దెబ్బ. గ్రేటర్ సండర్ (మిగులు డ్యామేజ్ ఆయుధం పట్టినవాడికి తగిలేలా చేసే పై ఫీట్) ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి: మిగులు డ్యామేజ్ మనిషికి పోవాలంటే వస్తువుని నాశనం చేయాల్సిందే, 1 హెచ్‌పీతో వదిలితే పోదు.

బాగుచేయడంలో తేడా కొట్టేది బరువు దగ్గర. మెండింగ్ అనే చిన్న మంత్రం 10 నిమిషాలకు 1డీ4 (నాలుగు ముఖాల పాచిక) హెచ్‌పీ ఇస్తుంది, కానీ మంత్రం వేసేవాడి లెవెల్‌కి ఒక పౌండ్ బరువు వరకే. లాంగ్‌స్వోర్డ్ 4 పౌండ్లు, గ్రేట్‌స్వోర్డ్ 8. మూడో లెవెల్ క్లెరిక్ (పూజారి క్యారెక్టర్) ఎన్నిసార్లు వేసినా ఈ రెండింటిలో ఏదీ బాగుపడదు, మేక్ హోల్ అనే పెద్ద మంత్రం కావాలి. పూర్తిగా నాశనమైన మ్యాజిక్ కత్తికి మ్యాజిక్ తిరిగి రావాలంటే దాని క్యాస్టర్ లెవెల్‌కి (దాని మంత్రశక్తి స్థాయి) రెట్టింపు ఉన్నవాడు మేక్ హోల్ వేయాలి.

జీఎంలకు (ఆట నడిపేవాళ్లకు) ఒక మాట. ఆటగాళ్ల ఆయుధాలను బ్రోకెన్ దాకా తెచ్చి ఆపండి. డబ్బంతా పోసి కొన్న కత్తి మూడో రౌండ్‌లో పోతే ఆ ఆటగాడి లెక్కలన్నీ తలకిందులవుతాయి. ప్రతి క్యారెక్టర్ షీట్ మూలన ముఖ్యమైన ఆయుధం, డాలు, కవచాల హార్డ్‌నెస్, హెచ్‌పీ, అందులో సగం ముందే రాయించండి. కవచానికి హెచ్‌పీ అంటే ఆర్మర్ బోనస్ ×5, ఫుల్ ప్లేట్ అయితే 45. ఇవి రాసి ఉంటే సండర్ అర నిమిషంలో తేలిపోతుంది, లేకపోతే అందరూ ఫోన్లలో టేబుల్స్ వెతుకుతూ కూర్చుంటారు.

రెండు చోట్ల వాదన వస్తుంది, ఆట మొదలవకముందే తేల్చుకోండి. ఫుల్ అటాక్‌లో (ఒకే వంతులో వరుసగా కొట్టే దెబ్బలు) ఒక దెబ్బ బదులు సండర్ చేయొచ్చా అన్నది మొదటిది, మేం ఒప్పుకుంటాం. రెండోది సరిగ్గా సగం హెచ్‌పీ మిగిలినప్పుడు. సండర్ రూల్ సగం మిగిలినా బ్రోకెన్ అంటుంది, బ్రోకెన్ నిర్వచనం సగానికి మించి డ్యామేజ్ పడాలంటుంది. 10 హెచ్‌పీ గ్రేట్‌స్వోర్డ్‌కి 5 పడితే ఇదే గొడవ. మేం సండర్ రూల్‌లో ఉన్నదే పాటిస్తాం.