ఇంటెల్ ఏఎక్స్ 200 వైఫై కార్డు: పాత ల్యాప్‌టాప్‌లో, లినక్స్ మింట్ మీద

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మంగళం పాడేసింది. మా ఇంట్లోది ఏడో తరం ఐ3 ల్యాప్‌టాప్. ఇంటెల్ అయితే ఎనిమిదో తరమైనా ఉండాలని విండోస్ 11 దాన్ని గడప కూడా దాటనివ్వలేదు. "డాడీ, కొత్తది కొనుక్కో" అంది మా అమ్మాయి. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌ని పాతసామాన్లవాడికి వేయడానికి నాకు మనసొప్పలేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 ఎక్కించాను. సౌండు, టచ్‌ప్యాడు, చివరికి ప్రింటరు కూడా అడక్కుండానే పనిచేశాయి. వైఫై ఒక్కటే మొరాయించింది.

అసలు రాకపోతే అదొక రకం. ఇది రౌటర్ పక్కన కూర్చుంటే వస్తుంది, పది అడుగుల అవతల పడగ్గదిలోకి వెళ్తే ఒక్క గీత మిగులుతుంది. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, దూరం పెరిగితే సిగ్నల్ తగ్గుతుందని నాకూ తెలుసు. పది అడుగులకే ఇంతలా పడిపోదు కదా. అదే మంచం మీద నా ఫోన్‌కి నిండా గీతలున్నాయి.

నాలుగు రాత్రులు తవ్వితే కారణం దొరికింది. లోపలున్న పాత కార్డు మీద (కంపెనీ పేరు ఎందుకులెండి) యాంటెనా తగిలించే చోట్లు రెండు. ల్యాప్‌టాప్ చేసినవాళ్లు తీగ ఒక్కటే ఇచ్చారు, అదీ రెండో చోట తగిలించారు. కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరేమో మొదటి చోట చెవి పెట్టి వింటోంది. డ్రైవర్లకి సెట్టింగులు చెప్పే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఒక్క లైను ఫైలు పెట్టి, యాంటెనా 2 వాడమని చెప్పి రీస్టార్ట్ చేస్తే గీతలు నిండిపోయాయి. ఆ పూట ఇంట్లో పాయసం ఒక్కటే తక్కువ.

రెండ్రోజులకే రెండో జబ్బు. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నెట్ తెగిపోతుంది, గీతలు మాత్రం నిండుగా కనిపిస్తుంటాయి. నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌లో, కరెంటు ఆదా చేసే వైఫై పవర్‌సేవ్ 3 అని ఉన్నదాన్ని 2 చేస్తే, అంటే ఆపేస్తే, తగ్గింది కానీ పోలేదు. ప్రాక్టికల్స్ మార్కులు ఎక్కిస్తుంటే మధ్యలో తెగితే ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది. ఆ రెండు వారాలూ నన్ను గట్టెక్కించింది ఫోనే. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే లినక్స్‌కి అది వైరు కనెక్షన్ లాగే కనిపిస్తుంది. వైఫై డ్రైవర్‌తో పనే లేదు. కొత్తగా లినక్స్ వేసుకునేవాళ్లు ముందు కేబుల్ పక్కన పెట్టుకోండి.

ఇక పాత కార్డు తీసేసి కొత్తది వేయాలనుకున్నాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్లి ఇంటెల్ ఏఎక్స్ 200 అడిగాను. కుర్రాడు డబ్బా తెచ్చి, "సార్, ఇది 201. రెండూ ఒకటే సార్, ఇదే ఇంకా కొత్తది" అన్నాడు. తీసుకుని వరంగల్ వచ్చేశాను. బిగిస్తే ల్యాప్‌టాప్ దాన్ని చూడనే లేదు. అప్పుడు చదివాను: 201లో ఉన్నది సగం వైఫై మాత్రమేనట, మిగతా సగం పని ప్రాసెసర్ వైపు చిప్‌సెట్ చేయాలి. పదో తరం నుంచి వచ్చిన కొన్ని ఇంటెల్ చిప్‌సెట్లలోనే అది కుదురుతుంది. నా ఏడో తరంలో కుదరదు, ఏఎండీ ప్రాసెసర్లున్న వాటిలో అసలే కుదరదు. 200 మాత్రం దేనిమీదా ఆధారపడని పూర్తి కార్డు. చూడ్డానికి కవలలు, ఒక్క అంకె తేడా. చదవకుండా కొన్నాను కాబట్టి తప్పులో సగం నాది. షాపు వాళ్లు మాత్రం మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. బిల్లు 1,400. రైలు ఖర్చు, ఒక క్యాజువల్ లీవు అదనం.

బిగించడం కష్టమేం కాదు, కానీ కళ్లజోడు కావాలి. అడుగు మూత స్క్రూలు రెండు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి. మూతని పాత ఏటీఎం కార్డుతో తెరిచి, ముందు బ్యాటరీ పిన్ను ఊడదీశాను. కార్డుకి స్క్రూ ఒక్కటే. ప్రాణం తీసేది యాంటెనా తీగ కొస. ఆవగింజంత ఉంటుంది. తిన్నగా పెట్టి వేలితో నొక్కితే 'టక్' అనాలి, వంకరగా నొక్కితే చితికిపోతుంది. నాకు ఏడోసారికి 'టక్' అంది. కొన్ని పాత మోడళ్లలో కంపెనీ ఒప్పుకున్న కార్డులే పనిచేసేలా బయాస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) తాళం వేసి ఉంటుంది. మీ మోడల్ సంగతి ముందే కనుక్కోండి. నాదానికి ఆ తాళం లేదు.

ఆన్ చేశాక చేసిందేమీ లేదు. ఈ కార్డు డ్రైవర్ 2019లో వచ్చిన 5.1 వెర్షన్ నుంచే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉంది. మింట్ 22లో ఉన్నది 6.8. కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ కూడా మింట్‌లోనే వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాను, అంతే. పాత కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌లో 72 దగ్గర ఆగేది. ఇది 5 గిగాహెర్ట్జ్‌లో 433 ఎంబీపీఎస్‌కి కలిసింది. కార్డు డబ్బా మీద 2.4 గిగాబిట్ అని గొప్పగా ఉంటుంది కానీ, దానికి రెండు తీగలు కావాలి, వైఫై 6 రౌటర్ కావాలి. నా దగ్గర రెండూ లేవు. నేను డబ్బు కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లానుకి, పడగ్గదిలో 90 పైనే వస్తోంది. బ్లూటూత్ కూడా ఈ కార్డులోనే ఉంది, హెడ్‌ఫోన్ వెంటనే పలికింది. నెల దాటింది, ఒక్కసారి కూడా తెగలేదు.

లోపం ఒకటుంది. ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్‌గా పెట్టబోతే ఒప్పుకోలేదు. ఏ దేశంలో ఏ ఛానెల్ వాడొచ్చో కార్డే సొంతంగా తేల్చుకుంటుందట, సెట్టింగుల్లో ఇండియా అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. 2.4లో మాత్రం పెట్టనిస్తుంది. నాకు హాట్‌స్పాట్ అవసరం ఏడాదికి రెండుసార్లు, అందుకే ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. రోజూ 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ వాడేవాళ్లు మాత్రం ఈ కార్డు జోలికి పోకండి.